నడిమి పిండి ఎవరు పెట్టారు

అమావాస్య నాడు శ్మశానంలో చాప పరుచుకొని, పులిహోర పొట్లం విప్పుకొని తిన్నవాణ్ణి నేను. వయసులో ఉన్నప్పటి మాట. మా వైపు పల్లెల్లో బాణామతి భయం పట్టుకొని, ముసలి ఆడవాళ్ళ పళ్ళు ఊడగొడుతున్న రోజులవి. సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు మేం నలుగురు కుర్రాళ్ళం ఊరూరా తిరిగి, నిమ్మకాయలోంచి నెత్తురు ఎట్లా కారిస్తారో పదిమంది ముందు చేసి చూపించేవాళ్ళం.

దయ్యం అంటే బతికున్నవాళ్ళ మీద బతికున్నవాళ్ళు చేసే దౌర్జన్యానికి పెట్టుకున్న పేరు అని అప్పట్లో ఒక వ్యాసంలో రాశాను. ఈనాటికీ ఆ మాటలో ఒక్క అక్షరం మార్చుకోను.

ఈ సంగతి ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు మీ ముందు పెడుతున్నాను. ఎక్కడైనా లోపం కనిపిస్తే వేలు పెట్టి చూపించండి. నేను చాలా వెతికాను, నాకు కనిపించలేదు.

మాది సిరిసిల్ల పక్క పల్లె. నేత కుటుంబం. నేనూ నా తమ్ముడు మల్లేశమూ చిన్నతనంలోనే మహారాష్ట్రలోని భివండీ వచ్చాం. నేను చదువుకొని బడిపంతులునయ్యాను, ఇప్పుడు రిటైరై అంజూర్ ఫాటా దగ్గర కొత్త బిల్డింగులో ఉంటున్నాను. మల్లేశం మాత్రం కడదాకా సాంచాల మీదే బతికాడు. మరమగ్గాన్ని మా వాళ్ళు సాంచా అంటారు. వాడు కనేరిలో ఒక సేటు దగ్గర పనిచేస్తూ, కామత్‌ఘర్ సందుల్లో ఒక చాళీలో ఒంటి గదిలో కాపురం పెట్టాడు. భార్య పద్మ, కూతురు స్వప్న. ఈ సంగతి జరిగేనాటికి స్వప్న మరాఠీ బడిలో పదో తరగతి.

ఆ చాళీ మూలమీద రాజవ్వ గిర్ని ఉండేది. ఈ కథంతా ఆ గిర్నిది.

పిండి గిర్ని అంటే రెండు రాళ్ళు, ఒక మోటారు, పైన తొట్టి, కింద పిండి పడే గుడ్డ గొట్టం. చూడటానికి అంతే. కానీ సాంచాల్లో పనిచేసే కూలి ఇళ్ళకు అదే రచ్చబండ. గింజల డబ్బా వరుసలో పెట్టి ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు. ఏ కార్ఖానాలో నూలు కండెలు చుట్టే పని ఖాళీగా ఉంది, ఎక్కడ ఖోలీ కిరాయికి దొరుకుతుంది, ఎవరి కొడుకు తాగుతున్నాడు, ఏ పిల్లకు సంబంధం చూస్తున్నారు, అన్నీ అక్కడే తెలిసేవి. వారం వారం వచ్చే డబ్బా రాలేదంటే ఆ ఇంట్లో పని ఆగిందని రాజవ్వకు అర్థమయ్యేది. సాయంత్రానికి ఎవరో ఒకరు ఆ ఇంటికి జొన్నలు పట్టుకెళ్ళేవాళ్ళు. ప్రభుత్వాలు ఎన్ని పథకాలు పెట్టినా ఆకలిని ఇంత తొందరగా కనిపెట్టిన యంత్రాంగం నాకింకొకటి తెలియదు.

ఇక అసలు విషయం. గిర్నిలో ఒకరి గోధుమలు ఆడాక ఇంకొకరి జొన్నలు పోస్తే, మొదట వచ్చే పిండిలో రెండూ కలిసి ఉంటాయి. రాళ్ళ మధ్య ఎంతోకొంత మిగులుతుంది కదా. ఏ గిర్నిలోనైనా ఇంతే. మా ఊళ్ళో మాత్రం ఈ మామూలు సంగతి కులం సంగతి అయింది.

ఊరి గిర్నిలో మాదిగవాడ నుంచి వచ్చిన డబ్బాలు వేరే వరుసలో ఉండేవి. పొద్దున్నే వచ్చినా పొద్దుగూకాకే వాళ్ళ వంతు. వాళ్ళ గింజలు ఆడిన తర్వాత వచ్చినవాళ్ళు 'రాయి కడుగు' అనేవాళ్ళు. కడగడమంటే నీళ్ళతో కాదు. పిడికెడు గింజలు ముందుగా పోసి తిప్పి, వచ్చిన పిండిని బయట బర్రెకు పారబోసేవాళ్ళు. రాయికి కూడా కులం అంటుతుందని నమ్మిన దేశం మనది. ఆ పిండి తిన్న బర్రె పాలకు మాత్రం అంటలేదు. పాలు అందరూ తాగారు.

రాజవ్వ అలాంటి ఒక వాడలో పుట్టింది. సెంటు భూమి లేదు. మొగుడితో భివండీ వచ్చి గిర్నిలో ఊడ్చే పనికి కుదిరింది. గిర్ని నడిపే ముసలాయనకు చేతకాక వదిలేస్తే ఆమే తొట్టి దగ్గర నిలబడింది. గింజలు తెచ్చేవాళ్ళలో సగం మంది మా వైపు ఊళ్ళ నేతవాళ్ళే. మొదట్లో వాళ్ళు మొహమాటపడుతూనే అడిగారట, రాయి కడుగుతావా అని. ఆమె కాదనలేదు. ఒక్క షరతు పెట్టింది. ఎవరి తర్వాత ఎవరు వచ్చినా, అందరికీ కడుగుతుంది. ప్రతి ఒక్కరూ పిడికెడు వదలాలి.

నేను పద్మతో పాటు ఒకసారి వెళ్ళినప్పుడు, ఇది తప్పు కదా, ఆ పాడు ఆచారాన్ని ఇక్కడా ఎందుకు మోస్తున్నావని రాజవ్వను నిలదీశాను. ఆమె తొట్టిలోంచి కళ్ళు ఎత్తకుండా అంది.

"ఒక్కలకు కడిగితె వాళ్ళు మైలోల్లయితరు సారూ. అందరికి కడిగితె ఎవరు మైల? జర పక్కకు జరుగు, పిండి పడుతది నీ అంగి మీద."

అలా పిడికెడు పిడికెడు వచ్చిన పిండిని ఆమె పారబోయలేదు. మూత డబ్బాలో దాచేది. దానికి నడిమి పిండి అని పేరు. ఒకరికీ ఒకరికీ నడుమ వచ్చింది కాబట్టి. జొన్నలు, గోధుమలు, సజ్జలు, శనగలు, బియ్యం, మేం మక్కలనే మొక్కజొన్నలు, అన్నీ కలిసిన పిండి. సందులో ప్రతి ఇల్లూ అందులో ఉండేది.

చావు జరిగిన ఇంటికి మూడో రోజు ఆ పిండి వెళ్ళేది. అప్పటిదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. వెలిగాక మొదటి రొట్టె నడిమి పిండితోనే. సాంచాలున్న సేటు ఇల్లయినా, హమాలీ ఇల్లయినా అదే పిండి. వద్దన్న ఇల్లు ఒక్కటీ లేదని పద్మ చెప్పేది. మా ఊళ్ళో బర్రెకు పోసిన పిండిని, కామత్‌ఘర్‌లో మా వాళ్ళే కళ్ళకద్దుకొని తిన్నారు.

వరుసలో కూర్చునే సుశీల అని ఒకావిడ ఉంది. పద్మ పక్కింటామె. నోరు పెద్దది. పిడికెడు వదలాల్సి వచ్చినప్పుడల్లా గొణిగేది.

"ఏంది రాజవ్వా, మా గింజలు గుంజుకొని దినాల పిండి జేస్తవా?"

"నీ దినాలకు నువ్వెట్లాగు తినవు సుశీలా. గంత పీనాశితనమేందే?"

వరుసంతా నవ్వేది. సుశీల కూడా నవ్వుతూ పిడికెడు ఇంకొంచెం నిండుగా పోసేది.

ఆ పిండి తీసుకెళ్ళేది పద్మ. రాజవ్వ ఆమెనే పంపేది. దానికొక పద్ధతి ఉంది. తెల్లవారి సందులో నల్లా నీళ్ళు రాకముందే వెళ్ళాలి. పిలవకూడదు, మాట్లాడకూడదు. మూట పొయ్యి పక్కన పెట్టి వెనక్కు చూడకుండా వచ్చేయాలి. ఆ ఇంటివాళ్ళు మెలకువగా ఉన్నా పడుకున్నట్టే ఉండాలి. ఎవరు పెట్టారని ఎప్పుడూ అడగకూడదు. పద్మ అని సందంతటికీ తెలుసు. అయినా ఎవరూ పైకి అనలేదు. ఎందుకట్లా అని అడిగితే పద్మ నవ్వి, "పెట్టినోల్ల మొకం జూస్తె పెట్టిచ్చుకున్నోల్లు తల దించుకోవాలె గద బావా" అంది.

తర్వాత భివండీ మారిపోయింది. సాంచాలు ఒక్కొక్కటే ఆగాయి. కొన్ని కుటుంబాలు సూరత్ వెళ్ళాయి, కొన్ని ఊరికి మళ్ళాయి. ప్యాకెట్ పిండి వచ్చింది. రోజుకు కొన్ని డబ్బాలు కూడా రాని గిర్నిని రాజవ్వ మొండిగా నడిపింది. ఒక ఎండాకాలం ఆమె చనిపోయింది. ఆమె కోడలి పొయ్యి పక్కన నడిమి పిండి పెట్టింది పద్మే. డబ్బా అడుగు గీకి, ఉన్నదంతా మూట కట్టింది. తర్వాత కొడుకు రవి మోటారును పాత ఇనుము కింద భంగార్‌లో అమ్మేసి, గోదాముల్లో లోడింగ్ పనికి పోయాడు. రాళ్ళను ఎవరూ కొనలేదు. వాటిని గిర్ని ముందున్న మోరీ, అంటే మురుగు కాలువ, మీద పలకల్లా పరిచారు. జనం వాటిని తొక్కుతూ తిరుగుతున్నారు.

రెండేళ్ళు గడిచాయి. ఆ రెండేళ్ళలో సందులో చావులు జరిగాయి, నడిమి పిండి ఎవరింటికీ పోలేదు. లేని గిర్ని నుంచి పిండి ఎట్లా వస్తుంది.

శ్రావణంలో, ముసురు పట్టిన రోజు, మా మల్లేశం సాంచా ముందే కూలబడ్డాడు. తెగిన పోగు అతుకుతున్నాడట. రిక్షాలో దవాఖానాకు చేర్చేలోపే ప్రాణం పోయింది. వాడు నా కన్నా ఎనిమిదేళ్ళు చిన్నవాడు. నేను ఎత్తుకొని తిప్పిన పిల్లవాడు. సాయంత్రానికి వానలోనే దహనం చేశాం.

కులపెద్దలు వచ్చారు. పద్మ గాజులు తీయించాలన్నారు, మూడో రోజు పిట్టకు, అంటే కాకికి, ఏమేం పెట్టాలో లెక్క చెప్పారు. నేను ఒప్పుకోలేదు. మొగుడు పోయిన ఆడదాన్ని బతికుండగానే సగం కాల్చే తంతు నా తమ్ముడి ఇంట్లో జరగదని గుమ్మంలో నిలబడి చెప్పాను. చాలాసేపు వాదన అయింది. చివరికి వాళ్ళే గొడుగులు తీసుకొని వెళ్ళిపోయారు. పద్మ చేతి గాజులు చేతికే ఉన్నాయి.

అంత వాదన గెలిచిన నేను పద్మ చేత ఒక్క ముద్ద తినిపించలేకపోయాను.

ఆమెకు షుగర్ ఉంది. వాడి పాడె లేచినప్పటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఏడవనూ లేదు. గోడకు ఆనుకొని కూర్చుంది. రెండో రోజు సాయంత్రానికి కళ్ళు తేలేసింది. వీధి చివరి డాక్టరు వచ్చి చూసి, రేపు పొద్దుటికి ఏమైనా తినకపోతే అడ్మిట్ చేయాల్సిందే, అప్పుడు కూడా ఏమయ్యేదీ చెప్పలేనన్నాడు. స్వప్న తల్లి కాళ్ళ దగ్గర కూర్చొని అన్నం గిన్నె పట్టుకొని బతిమాలింది. "మమ్మీ, థోడా తరీ ఖా నా. నా కోసం తిను." పద్మ కూతురి తల నిమిరింది గానీ నోరు తెరవలేదు.

నేను దగ్గర కూర్చొని, మల్లేశం ఉంటే ఇట్లా చూసి ఊరుకునేవాడా, స్వప్నకు నువ్వు కూడా లేకుండా పోతే ఎట్లా అని అడిగాను. మెల్లగా అంది.

"ఎంత మంది ఇండ్లకు మోసిన బావా. నల్లా రాకముందు లేసి, సలిల, వానల. ఇయ్యాల మా ఇంటికి మోసెటోల్లు ఎవలున్నరు?"

ఆమె మొండితనం మూఢనమ్మకం కాదని అప్పుడే అర్థమైంది. తన దుఃఖం ఒక్కరికీ పట్టలేదని ఆమె అనుకుంటోంది. చుట్టూ నేనున్నాను, నా భార్య విజయ ఉంది, సుశీల వచ్చిపోతోంది. కానీ ఆమె ఎదురుచూస్తున్నది మా కోసం కాదు. ఊరు కాని ఊళ్ళో, ఆ సందంతా కలిసి తన పొయ్యి దగ్గరికి రావడం కోసం.

విజయ ఒక ఉపాయం చేసింది. దుకాణంలో జొన్నపిండి, గోధుమపిండి, సజ్జపిండి, శనగపిండి ప్యాకెట్లు కొని, అన్నీ కలిపి మా ఇంట్లో రొట్టె చేసి తెచ్చింది. దాచలేదు, పద్మకు చెప్పే చేసింది. పద్మ రొట్టె తుంచి వేళ్ళ మధ్య నలిపి పక్కన పెట్టింది. "మంచిగ జేసినవక్కా. గని ఇది దుకాణంల కొన్న పిండి. ఇండ్లల్లకెల్లి రాలె." అంతే.

ఆ సాయంత్రమే కరెంటు పోయింది. వానకు ఎక్కడో తీగలు తెగాయట. కామత్‌ఘర్, కనేరి, ఆ చుట్టుపక్కలంతా చీకటి. సాంచాలన్నీ ఆగిపోయాయి. భివండీలో సాంచాల చప్పుడు ఆగడమంటే, పక్కన పడుకున్న మనిషి ఊపిరి ఆగినట్టుంటుంది. తెల్లవారినా కరెంటు రాలేదు. మళ్ళీ వచ్చింది మర్నాడు మధ్యాహ్నానికే. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

తెల్లవారుజామునే నాకు మెలకువ వచ్చింది. ఒంటి గదిలో పద్మ, స్వప్న, విజయ పడుకొని ఉన్నారు. నేను తలుపు తీసి గడప మీద కూర్చున్నాను. ఆ గదికి అదొక్కటే తలుపు. కిటికీకి ఇనుప జాలి ఉంది, చెయ్యి కూడా పట్టదు. వాన పడుతూనే ఉంది. వెలుతురు వస్తోంది. విజయ ఒకసారి నన్ను దాటుకొని బయటికి వెళ్ళి, ఖాళీ చేతులతోనే వచ్చింది. అది నాకు గుర్తుంది, ఆమెకూ గుర్తుంది. ఇంకెవరూ రాలేదు. నేను కునికి ఉంటానని మీరు అనొచ్చు. ఉండొచ్చు. కానీ గడప ఇరుకు. నన్ను తగలకుండా లోపలికి పోవడం పిల్లికైనా కష్టం.

నల్లా వచ్చిన చప్పుడైంది. స్వప్న బిందె కోసం లేచింది. తర్వాత లోపలి నుంచి మెల్లగా పిలిచింది.

"పెద్దబాపూ, ఇక్డే యా జరా. ఇది ఎవరు పెట్టిండ్రు?"

పొయ్యి పక్కన ఒక మూట ఉంది. సాంచా మీద నుంచి తీసిన కోరా గుడ్డలో కట్టినది. ఆ గుడ్డ భివండీలో ప్రతి ఇంట్లో ఉంటుంది, కాబట్టి దాన్ని నేను సాక్ష్యం కింద చెప్పను.

మూట మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది.

గిర్నికి వెళ్ళినవాళ్ళకు ఆ వెచ్చదనం తెలుసు. అప్పుడే రాళ్ళ మధ్య నుంచి వచ్చిన పిండికి ఒక వేడి ఉంటుంది, డబ్బా ఒడిలో పెట్టుకుంటే కడుపుకు తగిలే వేడి. ఇంట్లో గోడలు చెమ్మగిల్లి ఉన్నాయి. డబ్బాలో ఉప్పు కూడా చెమ్మకు నీరు కారుతోంది. మూటలోని పిండి పొడిగా, వెచ్చగా ఉంది.

పద్మ గోడ దగ్గర నుంచి పాక్కుంటూ వచ్చింది. ముడి విప్పింది. పిండి వేళ్ళలోకి తీసుకొని రుద్దింది. వాసన చూసింది. అరచేతిలో పరిచి నాకు చూపించింది. తెల్లటి జొన్న, గోధుమ పొట్టు, బూడిదరంగు సజ్జ, శనగ పసుపు. వాటి మధ్య ముదురు పసుపు రవ్వలు. "మక్కలు బావా," అంది. ఆ సందులో గట్క వండుకోవడానికి మక్కలు పట్టించుకునే ఇల్లు ఒక్కటే ఉండేది. ఆ ముసలి దంపతులు గిర్ని మూతపడకముందే ఊరికి వెళ్ళిపోయారు.

ఆమె లేచి ముఖం కడుక్కుంది. స్టవ్ వెలిగించి నీళ్ళు కాచింది, పిండి కలిపింది. రొట్టె తట్టింది. మొదటి రొట్టె తుంచి స్వప్న నోట్లో పెట్టింది, రెండో ముక్క తను తిన్నది. నాకూ విజయకూ ఇచ్చింది. నేను తిన్నాను. కాస్త చేదు తగిలింది, పాత గిర్ని పిండికి ఉండే రాతి వాసన తగిలింది. ఇంకో ముక్క నోట్లో ఉండగానే పద్మకు ఏడుపు వచ్చింది. మల్లేశం పోయాక అదే మొదటి ఏడుపు. నోట్లో రొట్టె పెట్టుకొనే, నములుతూనే, వాడి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. పక్కింటి నుంచి సుశీల పరిగెత్తుకొచ్చి ఆమెను పట్టుకుంది.

నేను బయటికి వెళ్ళాను. గిర్ని దాకా నడిచాను. షట్టర్‌కు తుప్పు పట్టిన తాళం వేలాడుతోంది. దాని చీలికలోంచి చూస్తే లోపల ఖాళీ నేల, కూలిన పెంకులు. మోరీ మీది రాళ్ళ మీద చెయ్యి వేశాను. చల్లగా ఉన్నాయి. వెచ్చగా ఉన్నాయని రాస్తే కథ రక్తి కట్టేది. లేవు. వాన నీళ్ళు వాటి గాట్లలోంచి పారుతున్నాయి.

ఆ తర్వాత చాలా రోజులు నేను చేసిన పని ఒక్కటే, అడగడం.

కామత్‌ఘర్ నాకాలో ఉత్తరాది భయ్యా ఒకాయన నడిపే ఆటా చక్కీ, అంటే పిండి గిర్ని, ఉంది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల మిగిలింది అదే. ఆయనను అడిగాను. "లైటే నహీ థీ మాస్టర్‌జీ. చక్కీ క్యా హాథ్ సే చలాతా?" కరెంటే లేనప్పుడు చేత్తో తిప్పాలా అన్నాడు. చేత్తో తిప్పే ఇసుర్రాయి ఎవరింట్లోనైనా ఉందా అని వెతికాను. ఒకరింట్లో దొరికింది. దాని మీద నీళ్ళ డ్రమ్ము పెట్టి ఉంది. పిడి గుంటలో సిమెంటు కూరి ఉంది. కరెంటున్న పక్క ఊరు కల్యాణ్ నుంచి ఎవరైనా ఆడించి తెచ్చారా? ఆ వానలో, ఆ వేళకు, అంత వేడిగా తేవడం అయ్యే పని కాదు. ఎవరైనా పొయ్యి మీద వెచ్చబెట్టారా? ఆ అవకాశం నేను కొట్టిపారేయను. కానీ అప్పుడు ఆ మనిషి ఎవరు, నన్ను దాటి ఎట్లా వచ్చారు?

సుశీల మీద నాకు గట్టి అనుమానం ఉండేది. అడిగాను.

"నేనా? నేను వెట్టినట్టయితె ఈ పాటికి గల్లీ అంత డప్పు గొట్టనా సారూ?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నాకు యాదికి గూడ రాలే సారూ. పద్మ మా అత్త సచ్చిపోయినప్పుడు నాకు పెట్టింది. నాకు యాదికి రావాలె గద," అని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె అబద్ధం చెప్పిందని నేను అనుకోను.

అంజూర్ ఫాటా గోదాముల దగ్గర రాజవ్వ కొడుకు రవిని పట్టుకున్నాను. ట్రక్కు నీడలో కూర్చొని బీడీ కాలుస్తున్నాడు. అమ్మ డబ్బా ఏదైనా మీ ఇంట్లో మిగిలిందా అని అడిగాను. "లేదు సారూ. ఆ డబ్బాల ఇప్పుడు నీళ్ళు పోసుకుంటున్నం," అన్నాడు. నేను లేవబోతుంటే, "మా అవ్వ పోయినంక ఆ పిండి సంగతి అడిగిన మొదటోల్లు మీరే," అన్నాడు. పోయిన అమ్మే వచ్చి పెట్టిందేమో అని అతను అనలేదు. అంటే కోప్పడదామని సిద్ధంగా ఉన్నాను.

చివరికి పద్మనే అడిగాను. హేతువాది ఎవరినీ వదలకూడదు. నువ్వే ఎప్పటిదో పిండి దాచుకున్నావా అన్నాను. ఆమెకు కోపం రాలేదు.

"నేను వెట్టుకుంటె నేనెట్ల తింట బావా? అది ఒకలు వెడితెనే కడుపుల దిగుతది."

రెండేళ్ళ పిండి అయితే జాలె కట్టి, పురుగు పట్టి ఉండేది. అది తాజా పిండి. చెంచాడు కాగితంలో కట్టి, కాలేజీలో సైన్సు చెప్పే మిత్రుడికి ఇచ్చాను. సూక్ష్మదర్శినిలో చూశాడు. ఐదారు రకాల ధాన్యం పిండి, కొంచెం రాతి పొడి, అంతే అన్నాడు. మిగిలిన పిండిని పద్మ డబ్బాలో పెట్టుకుంది. ఆ వానాకాలం పోయేలోపు అందరి పిండిలాగే దానికీ పురుగు పట్టింది. మహిమ ఏమీ లేదు.

నేను ఇలా ఇంటింటికీ తిరగడం పద్మకు తెలిసింది. ఒకరోజు చాయ్ ఇస్తూ అంది.

"ఇంక అడగకు బావా. అది అడిగేది గాదు. నువ్వు గిట్ల అడుక్కుంట తిరిగితె, మల్ల ఇంకొకలింటికి పెట్టెటోల్లు గూడ పెట్టరు."

ఆమె దృష్టిలో పెట్టిన మనిషి ఉన్నాడు, లేదా ఉంది. ఆ మనిషి పద్ధతి ప్రకారం నోరు మూసుకొని ఉన్నాడు, అంతే. పద్మ ఇప్పుడు బాగానే తింటోంది. కండెలు చుట్టే పనికి వెళుతోంది. స్వప్న కాలేజీలో చేరింది. పద్మకు ఇందులో వింత ఏమీ కనిపించదు. తను ఇంత మందికి మోసింది, ఎవరో తనకు మోశారు.

నాకే నిద్ర పట్టదు. ప్రశ్నించడం నేర్పుతూ బతికినవాణ్ణి, అడగకుండా ఉండటం నాకు చేతకాదు. దయ్యం చేసిందని ఒప్పుకోవాల్సి వస్తుందని నా భయం కాదు. అది పెద్ద భయమేమీ కాదు, నాలుగు రోజులు సిగ్గుపడి ఊరుకుంటాను. ఆ సందులో ఇన్ని ఇళ్ళున్నాయి. ఇన్ని పొయ్యిలున్నాయి. పద్మ చేతి పిండి తిన్న నోళ్ళు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక్కదానికీ ఆమె గుర్తు రాలేదని ఒప్పుకోవాల్సి వస్తుందేమోనని నా భయం. మక్కలు పట్టించుకునే ముసలివాళ్ళు ఊరికి పోయారు, రాజవ్వ పోయింది, మోటారు పోయింది. పిండి మాత్రం వచ్చింది. ఉన్నవాళ్ళు పంపలేదంటే ఎవరు పంపినట్టు?

కామత్‌ఘర్ వెళ్ళినప్పుడల్లా మోరీ మీది ఆ రాళ్ళను తొక్కకుండా దాటుతాను. మొక్కను. మొక్కడం నాకు రాదు. ఎదురొచ్చిన ప్రతి ముఖాన్నీ చూస్తాను, ఎవరైనా చూపు తిప్పుకుంటారేమోనని.

ఆ పిండి మనిషే పెట్టి ఉండాలి. నేను జీవితమంతా నమ్మింది అదే చెబుతోంది. ఆ మనిషి ఇంతవరకు నాకు దొరకలేదు.